విఠల్ తిరిగిచ్చిన గులాబీ

మంచిర్యాల స్టేషన్‌లో రైలు దిగిన ఆ ఆరడుగుల మనిషి, తనకిచ్చిన పూలను చూసి శవాన్ని చూసినట్టు బిగుసుకుపోయాడు. అసలే తెల్లటి ముఖం, సున్నం కొట్టినట్టయింది.

పూలిచ్చింది ప్రమోదిని. బొగ్గు లారీల కాంట్రాక్టర్ బాలకిషన్‌రావు ఆఫీసులో టైపిస్టు. బాలకిషన్‌రావుకు లారీల తర్వాత ఫుట్‌బాలే లోకం. ఆయన జట్టు మూడేళ్లు వరసగా ఫైనల్లో ఓడింది. ఆ కోపంతో 1993 డిసెంబరులో కలకత్తా ఏజెంటుకు ఉత్తరం రాయించి, లిథువేనియా అనే దేశపు డిఫెండర్‌ను రెండు నెలలకు పిలిపించాడు. ఉత్తరాలు టైపు చేసింది ప్రమోదిని గనుక స్వాగతమూ ఆమె నెత్తినే పడింది.

"రెండు పువ్వులు చేతుల వెట్టి వెల్‌కం అను బిడ్డా," అన్నాడు బాలకిషన్‌రావు. "ఒకటి నా పేరు మీద, ఒకటి టీం పేరు మీద."

ఆమె అలాగే అన్నది. ఆ మనిషి రెండు గులాబీలనూ మార్చి మార్చి చూశాడు. ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. రెండోది తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ప్లాట్‌ఫాం మీద చాయ్ పోసేవాడు గ్లాసు నిండి చేయి కాలేదాకా పోస్తూనే ఉన్నాడు. రైలు కిటికీలోంచి ఎవడో ఈల వేశాడు.

ప్రమోదిని ఇల్లు స్టేషన్‌కు పది నిమిషాల నడక. కబురు ఆమెకంటే ముందే నడిచింది.

తండ్రి రాజేశ్వర్‌రావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భార్య పోయి ఆరేళ్లు. అప్పటి నుంచి ఆయన ఏ మాటా రెండోసారి అనడు.

"గా పువ్వేది?"

"బ్యాగుల ఉన్నది బాపు."

"మోరీల పడెయ్యి."

ఇంటి ముందు మురికి కాలవలో పడేసింది. ఆదివారం మంథని నుంచి పిల్లను చూడడానికి వస్తామన్నవాళ్లు రాలేదు. ఎందుకు రాలేదో కబురూ పెట్టలేదు. అలాంటివాళ్లు రాకపోవడమే మేలని తెలుసుకోవడానికి ప్రమోదినికి ఒక రాత్రి పట్టింది. తండ్రికి ఇంకా తెలియలేదు.

సోమవారం ఆమె జట్టు ఆడే నస్పూర్ గ్రౌండ్‌కు నేరుగా పోయింది. ఆ మనిషి పేరు వీటాస్. ఆ పేరు నోరు తిరగక జట్టు ఆయనను విఠల్ చేసేసింది. కలకత్తాలో నేర్చిన ఇంగ్లిష్ కొంత, గోల్‌కీపర్ అంజన్న నేర్పుతున్న తెలుగు కొంత. రెండూ కుంటుతున్నాయి.

"నాకు పువ్వెందుకిచ్చినవ్?"

"రెండు బ్యాడ్," అన్నాడు విఠల్.

"ఏం బ్యాడ్? వాడిపోయినయా?"

"పువ్వు గుడ్. రెండు బ్యాడ్."

ఆమె అంజన్న వైపు తిరిగింది. "ఏమంటున్నడు అంజన్నా?"

"నాకేమెర్క అక్కా. పొద్దున రెండోసారి అన్నం వెడ్తె గూడ వద్దన్నడు. గీయనకు రెండంటెనే పడదేమో."

"నీ వల్ల నా పెండ్లి సంబంధం పోయింది," అన్నది ప్రమోదిని. "ఫినిష్."

విఠల్ నోరు తెరిచాడు. పక్కనున్న బంతి మీద కూలబడ్డాడు. "నేను ఫౌల్?"

"ఫౌల్ గాదు. రెడ్ కార్డు."

మర్నాడు సాయంత్రం ఆఫీసు గుమ్మంలో నిలబడి సారీ చెప్పాడు. ఆ మర్నాడు కూడా. మూడో రోజు సారీలు అయిపోయాయో ఏమో, ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఆస్ట్రియాలో ఒక జట్టుకు తన ఆట చరిత్ర రాసి పంపాలట.

"ఎన్నేండ్ల సంది ఆడుతున్నవ్?" టైపు మిషన్‌లో కాగితం ఎక్కిస్తూ అడిగింది.

"పదకొండు. కౌనాస్‌ల ఏడు. పోలండ్‌ల రెండు. కలకత్తా రెండు."

"ఎన్ని గోల్స్?"

"రెండు."

"పదకొండేండ్లల్ల రెండేనా?"

"ఒకటి మా గోల్‌లనే కొట్టిన."

ప్రమోదిని నవ్వింది. అంత గట్టిగా ఆ ఆఫీసులో ఎవరూ నవ్వినట్టు లేరు. లోపలి గదిలోంచి బాలకిషన్‌రావు తొంగి చూసి, నమ్మలేక, మళ్లీ లోపలికి పోయాడు.

"గోల్ కొట్టకపోతె మరి నీ పనేంది?"

"వచ్చెటోన్ని ఆపుడు."

"అయితె మా బాపు గూడ డిఫెండరే."

కాగితం చివర తల్లి పేరు రాయాలి. అడిగింది.

"అమ్మ లేదు. నీకు?"

"ఆరేండ్లాయె."

ఆ తర్వాత ఆమె వేళ్లకు వేగం తగ్గింది. ఒక్క పేజీ కాగితానికి వారం పట్టింది. దానికెవరూ ఆమెను తప్పు పట్టలేదు. పట్టాల్సినవాడు రోజూ ఎదురుగా కూర్చుని అక్షరాలు లెక్కపెడుతున్నాడు.

మార్చి మొదటి ఆదివారం ఫైనల్. ఆస్ట్రియా నుంచి రమ్మని తంతి వచ్చేసింది. సోమవారం రైలెక్కాలి. అప్పటిలోగా ఈ మనిషి ఒక్క మాటైనా చెబుతాడా అని ప్రమోదిని, వానల్లేని కాలంలో అక్కర్లేని గొడుగు పట్టుకుని మైదానం గీత పక్కన నిలబడింది.

రెండో సగంలో ఎవరూ పిలవని వాన వచ్చింది. బొగ్గు దుమ్ము బురదైంది. ఇరవై రెండు మంది ఒకే రంగు అయ్యారు. ప్రమోదిని గొడుగు విప్పింది. గాలికి అది వెనక్కి విరిగి, ఆమె నిలువునా తడిసిపోయింది. విఠల్ అటు చూశాడు. ఒక్కసారే చూశాడు. ఆ ఒక్కసారిలో అవతలి జట్టు కుర్రాడు పక్కనుంచి దూసుకుపోయి గోల్ కొట్టాడు.

రెండు నెలల్లో ఆయనను దాటిపోయినవాడు ఎవడూ లేడు.

"ఎటు చూస్తున్నవ్ విఠలన్నా," అన్నాడు అంజన్న, బురదలోంచి లేస్తూ.

నాలుగో ఏడూ ఓడిపోయారు. బాలకిషన్‌రావు కుర్చీలోంచి చీకటి పడేదాకా లేవలేదు. విఠల్ ఆమెకు ఏమీ చెప్పకుండా జట్టు బస్సెక్కాడు.

సోమవారం పొద్దున రాజేశ్వర్‌రావు ఇంటి ముందు ఆటో ఆగింది. వెనక సూట్‌కేసు, సంచీ. విఠల్ దిగాడు. చేతిలో మూడు గులాబీలు.

"ఆడ్నే నిలబడు," అన్నాడు రాజేశ్వర్‌రావు అరుగు మీద నుంచి.

విఠల్ నిలబడ్డాడు. బూట్లు విప్పాడు. తర్వాత, పదకొండేళ్లు వచ్చేవాళ్లను ఆపిన మనిషి, ఆపుతున్న మనిషిని దాటుకుని లోపలికి పోయాడు. రాజేశ్వర్‌రావుకు కోపం కూడా రాలేదు. అంత నిర్ఘాంతపోయాడు.

ముందు గదిలో గోడకు ప్రమోదిని తల్లి ఫొటో. విఠల్ తల వంచి, రెండు గులాబీలు దాని కింద పెట్టాడు. ఒకటి మిగిలింది.

"ఏందిది?" అన్నాడు రాజేశ్వర్‌రావు, వెనకే వచ్చి.

"మా దేశంల సచ్చిపోయినోళ్లకు రెండు. లేకుంటె నాలుగు," అన్నాడు విఠల్. ఈ మాటలు రాత్రి అంజన్న దగ్గర నేర్చుకున్నట్టున్నాయి, ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. "బతికినోళ్లకు ఒకటి. లేకుంటె మూడు."

ప్రమోదిని లోపలి గుమ్మంలోకి వచ్చి ఆ మాట విన్నది. ప్లాట్‌ఫాం మీద, రైలు దిగీ దిగని మనిషికి, నవ్వుతూ తను ఇచ్చినవి చావు పూలు.

"గందుకా తిరిగిచ్చింది?" అన్నది.

"ఒకటి తీసెయ్యాలె. గది నిజం." విఠల్ ఆగాడు. "పట్టాల మీద పడెయ్యొచ్చు. పడెయ్యలే. నిన్ను చూసిన. నీకిచ్చిన."

మూడో గులాబీ ఆమె ముందుకు చాపాడు. ఆమె చేయి లేచి, సగంలో ఆగింది. తండ్రి వైపు చూసింది.

రాజేశ్వర్‌రావు ఫొటో వైపు చూస్తున్నాడు. ఆరేళ్లలో ఆ ఇంటికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఫొటోకు పూలు తెచ్చినవాడు లేడు.

"తీస్కో," అన్నాడు.

ఆమె కదల్లేదు. విన్నది నిజమేనా అన్నట్టు చూస్తోంది.

"తీస్కో బిడ్డా," అన్నాడు మళ్లీ.

బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. రైలుకు అరగంట కూడా లేదు. రాజేశ్వర్‌రావు గేటు దాకా నడిచి వెళ్లాడు.

"రైలు రేపు గూడ వస్తది," అన్నాడు ఆటోవాడితో. "సామాను దించు."