వట్టి జాడీ

షోళింగనల్లూరులో ఓ అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో జీవిత ఒక్కతే ఉండేది. గుడివాడ పిల్ల. ఆఫీసు కారు ఎక్కడం, దిగడం, తిన్నది అరగకముందే నిద్రపోవడం. అయినా ఆమెకు బెంగ తెలియకపోవడానికి కారణం ఎదురింటి సీతాలక్ష్మి పిన్ని. వాళ్ళది తమిళనాట జార్జి టౌన్‌లో నాలుగు తరాలుగా పాతుకుపోయిన తెలుగు కుటుంబం. జీవితకు జ్వరమొస్తే మిరియాల చారు, పండగొస్తే పాయసం, ఊరికే దిగులొస్తే తల పెట్టుకోను ఒడి. రెండేళ్ళుగా ఇదే వరస. సొంత పిన్ని కూడా అంత చెయ్యదు.

పిన్ని భర్త గోపాలస్వామి ఏడేళ్ళ కిందట ఇంట్లో ఉన్నవాడు ఉన్నట్టే కనపడకుండా పోయాడట. ఆయన ఫోటోకి ఆమె దండ వెయ్యలేదు. రోజూ రెండు కంచాలు పెట్టేది.

పోయిన నెల ఆమె ఓ చిన్న జాడీ నిండా నిమ్మకాయ ఊరగాయ తెచ్చిచ్చింది.

"నిదానంగా తినమ్మా. ఐపోయినాక జాడీ తెచ్చియ్యి. వట్టి జాడీ మాత్రం ఇయ్యబాక, మర్యాద కాదు."

"ఆ మాత్రం తెలీదా పిన్నీ? గిన్నె ఖాళీగా తిరిగిస్తే మా అమ్మ చంపేస్తుంది."

పిన్ని ఎందుకో చాలాసేపు ఆమె తల నిమిరింది.

జాడీ అడుగు కనపడేసరికి కార్తీక మాసం వానలు పట్టుకున్నాయి. ఓ శనివారం దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. ఫోన్ లైటు గట్టు మీద పెట్టుకుని జీవిత జాడీ కడుగుతోంది. కింద ఎక్కడో నీళ్ళలో ఇరుక్కున్న ఆటో గునుస్తోంది. ఎంత తోమినా జాడీలో ఉప్పు వాసన, నిమ్మతొక్క వాసన పోలేదు. వాటి అడుగున ఇంకేదో వాసన... చాన్నాళ్ళుగా తలుపు తెరవని గదిలాంటిది.

జాడీ తుమ్మింది.

"చిరంజీవ," అంది జీవిత అలవాటు కొద్దీ. అన్నాక గానీ ఇంట్లో తను ఒక్కతేనని గుర్తురాలేదు.

పొగా లేదు, మెరుపూ లేదు. జాడీ మూతిలోంచి ఓ చెయ్యి వచ్చింది. తర్వాత భుజం. మడత మంచం విప్పినట్టు ఓ నిలువెత్తు మనిషి బయటికొచ్చి వంటగట్టు మీద కూర్చున్నాడు. మీసాల్లో ఉప్పు, పంచె నిండా నూనె మరకలు. ఫోటోలో మనిషే.

"గోపాలస్వామి... బాబాయ్?"

"ఆమామ్మా, నేనే. ఇప్పుడు జాడీ భూతాన్ని. ఏడేళ్ళు ఉప్పులో ఊరితే ఎవురైనా ఇంతే. మూడు కోరికలు అడుగు. చేతనైనంత చేస్తా."

నవ్వాలో ఏడవాలో తెలీక ఆమె కరెంటు అడిగింది. ఫ్రిజ్‌లో బల్బు ఒక్కటే వెలిగింది. పాడైన లిఫ్ట్ బాగుచెయ్యమంది. లిఫ్ట్ కదిలింది గానీ, ఏ అంతస్తులోనూ ఆగకుండా కిందికీ మీదికీ తిరగసాగింది.

"అలవాటు తప్పిపోయింది," అని ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

అంతలో జాడీ మళ్ళీ తుమ్మింది. ఆయన గభాల్న దాని మూతి మీద అరచెయ్యి పెట్టాడు.

"ఏంటది?"

"ఏం లేదమ్మా... గాలి."

మూడో కోరిక ఆమెను అడగనివ్వలేదు. చేతులు జోడించాడు. "నన్ను పొమ్మను తల్లీ. ఆ ఒక్క మాట చాలు."

జీవితకు పిన్ని పెట్టే రెండో కంచం గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. "మీ ఇంటికి వెళ్ళిపోండి బాబాయ్. ఇంక మీకే కట్టుబాటూ లేదు."

ఆయన ఎదురింటికి పరిగెత్తాడు. తలుపు తట్టకముందే తలుపు తెరుచుకుంది.

ఆ సంతోషంలో జీవిత జాడీ తుడిచి, గుప్పెడు పంచదార పోసింది. ఇంత మంచి రోజున వట్టి జాడీ ఇస్తుందా? మంచి పెంపకం పిల్లను ఎక్కడికి తీసుకెళ్తోందో గుడివాడలో ఉన్న ఆ తల్లికేం తెలుసు.

పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది. వెనక కొవ్వొత్తి వెలుగులో రెండు కంచాలు. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. పిన్ని జీవిత ముఖం చూడలేదు. జాడీలోకి చూసింది.

"నీ చేత్తోనే వేసినావా?"

"అవును పిన్నీ."

పిన్ని గట్టిగా ఊపిరి వదిలింది. "ఎవురైనా ఇష్టంగా తమ ఇంటిది ఒకటి దీంట్లో ఎయ్యాల. అప్పుడే ఈయన్ను పూర్తిగా వదుల్తుంది... వాళ్ళను పట్టుకుంటుంది. ఈ బిల్డింగులో ఎంతమందికి ఊరగాయ ఇచ్చినానో! కొందరు వట్టి జాడీ ఇచ్చినారు. కొందరి దగ్గర నేనే పోయి అడుక్కోని తెచ్చుకుంటి. పద్ధతి గల బిడ్డవి నువ్వొక్కదానివేనమ్మా."

"పిన్నీ... నన్ను నువ్వు..."

"రెండేళ్ళు నిన్ను సాకింది దీనికే."

జ్వరంలో తాగిన చారు గుర్తొచ్చింది. తల పెట్టుకున్న ఒడి. నిమిరిన చెయ్యి. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదే. జీవితకు భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. అమ్మా అని అరవబోయింది. అంత కడుపుమంటలోనూ నోటికి పిన్నీ అనే వచ్చింది.

నోట్లో ఉప్పు... కాళ్ళ కింద పంచదార కరకర. గోడలు గుండ్రంగా, చల్లగా దగ్గరికొచ్చాయి. పైన గుండ్రటి వెలుగు. అందులో పిన్ని ముఖం. ఏడుస్తోంది. ఏడుస్తూనే జాడీ మూతికి తెల్లగుడ్డ వాసెన కడుతోంది.

"బాబాయ్! మిమ్మల్ని నేను వదిలిపెట్టాను కదా!"

పైన కంచంలో గరిటె చప్పుడైంది. ఆయన అన్నం పెట్టించుకుంటున్నాడు.

చీకటి. ఆమె ఊపిరి ఆమెకే వినపడుతోంది... కాదు. రెండు ఊపిర్లు.

చెవి పక్కనే ఎవరో తుమ్మారు.

జీవిత పళ్ళు బిగబట్టింది. ఈసారి చిరంజీవ అనలేదు.

"ఇందాక ఆయనకి అన్నావే," అంది చీకట్లో ఓ చిన్న గొంతు, గుసగుసగా. "నాకు అనవా?"