చివరి వరస ప్రయాణికుడు

ఐర్లండులో జనవరి నెల వస్తే మధ్యాహ్నం తిన్న అన్నం అరిగేలోపే చీకటి పడిపోతుంది. లూకన్‌లో ఇంటి దగ్గర కారు తీసేటప్పటికే ఆకాశం తడిసిన గోనెపట్టాలా వేలాడుతోంది. లాక్‌డౌన్ కదా, రోడ్డు మీద పురుగు లేదు. ఒకచోట గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపారు. జయకర్ మెడలో కార్డు చూపిస్తే, "గ్రాండ్, గో ఆన్" అని చెయ్యూపారు.

జయకర్‌ది బాపట్ల. విమానాల మెకానిక్. కోవిడ్ వచ్చి పెద్ద కంపెనీ ఇంటికి పంపేశాక, ఊరవతల చిన్న ఎయిర్‌ఫీల్డులో నిలిపేసిన విమానాలను చూసుకునే పని దొరికింది. ఎగరని విమానాన్ని అలా వదిలేస్తే పాడైపోతుంది. చక్రాలు కాస్త కాస్త కదపాలి, పిట్టలు గూళ్లు పెట్టకుండా ఇంజిన్లకు మూతలు వెయ్యాలి, లోపల చెమ్మ చేరకుండా చూడాలి. రోజూ అదే పని.

ఆ రోజు అతనికి వెళ్లాలని లేదు. భార్య హెలెన్ నర్సు. ఆసుపత్రిలోనే కోవిడ్ అంటించుకుని, మేడమీద గదిలో ఒక్కతే తలుపేసుకుని పడుకుంది. పిల్లలింకా లేరు. ఇంట్లో వాళ్లిద్దరే.

"మీరెళ్లండి. నర్సుని, నాకు తెలీదా? దగ్గే, అదే తగ్గుద్ది," అంది తలుపవతల నుంచి.

"ఎక్కువైతే ఫోన్ చెయ్యి. పరిగెత్తుకొచ్చేస్తా," అన్నాడు. అని బయల్దేరాడు.

వెళ్లక తప్పని కారణం సహ్రా. సోమాలియాలో ఆవిడ నాన్నగారిదో చిన్న విమానాల కంపెనీ. మన పక్క ప్రైవేటు బస్సు సర్వీసు లాంటిది. రెక్కలకు పంకాలుండే విమానాలు రెండే రెండు. మట్టి రన్‌వేల మీద మేకల్ని తోలేసి దింపుతారు. మందులు, పెళ్లి సామాన్లు, రోగులు, చుట్టాలు, అందర్నీ అవే మోస్తాయి. వాటిలో ఒకటి ఇక్కడి కంపెనీ నుంచి అద్దెకు తెచ్చుకున్నది, రిపేరు కోసం ఐర్లండు వచ్చి లాక్‌డౌన్లో ఇరుక్కుపోయింది. అక్కడున్న రెండోది ఇప్పుడు మూలపడింది. ఇది తిరిగి వెళ్తే తప్ప ఆ ఊళ్లకు మందులు అందవని సహ్రా పొద్దున ఫోన్ చేసింది.

"ఈ రోజే చూసెయ్యండి బ్రదర్. ఇంకో మాట... లోపలున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడకండి. మా సిబ్బందికి అదో అలవాటు."

"ఒక్కణ్ణే వెళ్తాను. ఎవరితో మాట్లాడతా?" అని నవ్వాడు జయకర్.

సహ్రా నవ్వలేదు.

విమానం గడ్డి పక్కన చిట్టచివర నిలబడి ఉంది. సన్నగా తుప్పర. నిచ్చెన వేసి తలుపు తెరిచాడు. లోపల్నుంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. మూసిన గదివాసన, దాని అడుగున సాంబ్రాణి వాసన... ఇంకా అడుగున, జ్వరం మనిషి పడుకున్న దుప్పటి వాసన.

బ్యాటరీలు ఎప్పుడో తీసేశారు. దీపాలు లేవు. హెలెన్ ఫోన్ చేస్తుందేమోనని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, టార్చి వేసుకుని నడిచాడు. పైన వాన చిన్నగా గీరుతోంది. సీట్ల మీద, కింద, కిటికీ అంచుల్లో చెమ్మ ఉందేమోనని తడుముకుంటూ సగం దూరం వెళ్లాడు.

వెనక నుంచి దగ్గు.

ఆగాడు. నక్క దూరిందేమో అనుకున్నాడు. కానీ నక్క దగ్గాక మనిషిలా ఊపిరి తీసుకోదు. ఇది తీసుకుంది. పొడుగ్గా, గీరుతూ... తీగలాగా సాగి... మధ్యలో తెగింది.

టార్చి ఎత్తాడు. చివరి వరస. ఖాళీ.

"మా గార్నయ్?"

గుసగుస. ఏ భాషో తెలీదు. చివర్న ఎత్తి పలికిన తీరు చూస్తే ప్రశ్న. మళ్లీ అదే. ఈసారి ఇంకాస్త దగ్గర్నుంచి.

"మా... గార్నయ్?"

ప్రభువా అని జయకర్ మనసులోనే అనుకున్నాడు. వెనక్కి ఒక్కో అడుగూ వెయ్యడం మొదలుపెట్టాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి చెవిలో ఇయర్‌ఫోన్ గరగరమంది.

"ఏవండీ..."

హెలెన్! ప్రాణం లేచొచ్చింది. గొంతు బాగా బలహీనంగా ఉంది.

"ఏవండీ... వచ్చేశామా?"

"ఆ, వచ్చేశాం. వచ్చేశాం హెలెన్, దిగుతున్నా," అన్నాడు ఒక్క గుక్కలో.

విమానం చివరి వరసలో సీటు బెల్టు విప్పిన చప్పుడు. టక్.

నిచ్చెన ఎలా దిగాడో అతనికే తెలీదు. వానలో నిలబడి ఫోన్ తీసి చూశాడు. హెలెన్ నుంచి ఫోనే రాలేదు. పొద్దున సహ్రా మాట్లాడిందే ఆఖరు. అప్పుడు తట్టింది. హెలెన్ అయితే 'వచ్చేశారా' అనేది. 'వచ్చేశామా' అని ఎందుకంటుంది?

సహ్రాకి ఫోన్ చేశాడు. విన్నది విన్నట్టు చెప్పాడు.

"మా గార్నయ్ అంటే మా భాషలో 'చేరామా' అని," అంది సహ్రా. "పోయిన ఏడాది ఓ పెద్దాయన్ని ఎక్కించుకున్నాం. ఒకటే దగ్గు. రాజధానిలో ఇంటి దగ్గర కూతురు ఎదురుచూస్తోంది, ఆవిణ్ణి చూడాలని ఆయన ఆరాటం. దారిలో ఊపిరందలేదు. చేరామా, చేరామా అని అడుగుతూనే ఉన్నాడు. మా విమానంలో పనిచేసే అమ్మాయి పక్కన కూచుని, ఇంకా లేదు తాతా, ఇంకా లేదు అని చెప్తూనే ఉంది. దిగకముందే పోయాడు. కోవిడ్ తెల్ల సూట్లవాళ్లు వచ్చి శవాన్ని తీసుకెళ్లారు. కూతురికి మొహం కూడా చూపించలేదు."

"తర్వాత?"

"తర్వాత ప్రతిసారీ అడుగుతాడు. మేం ఇంకా లేదు తాతా అంటాం. ఊరుకుంటాడు. పాపం, ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు." గొంతు తగ్గించింది. "మీరేమన్నారు బ్రదర్?"

జయకర్ చెప్పాడు.

"ఈ రాత్రికి ఇంటికి వెళ్లకండి," అంది సహ్రా. "దయచేసి. ఎక్కడికైనా వెళ్లండి, ఇంటికి మాత్రం వద్దు. వచ్చేశాం అన్నారు కదా, మీ వెంటే దిగుంటాడు. ఆయన ఇంటికే కదా బయల్దేరింది."

కారులో కూచుని తలుపులన్నీ లాక్ చేసుకున్నాడు. వెనక సీటు చూశాడు. ఎవరూ లేరు. మళ్లీ చూశాడు. లేరు. ఎక్కడికి వెళ్తాడు? హోటళ్లు మూతపడ్డాయి. ఈ రోజుల్లో ఎవరు తలుపు తీస్తారు? కారులోనే పడుకుందాం అనుకుంటుండగా హెలెన్ మెసేజ్ వచ్చింది. ఈసారి నిజంగా ఆవిడదే.

'ఊపిరి ఆడట్లేదండీ. త్వరగా రండి.'

అంతే. ఇంకేం ఆలోచించలేదు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఆలస్యం అవుతుందన్నారు. హైవే ఎక్కి తొక్కాడు. హీటరు పెంచినా కారులో వేడి పుట్టలేదు. వెనక ఎడమ అద్దం ఒక్కటే లోపలి నుంచి మసకబారుతోంది... తేటపడుతోంది... మళ్లీ మసకబారుతోంది. అతను ముందుకే చూశాడు. "ఇంకా లేదు తాతా," అన్నాడు తెలుగులో. "ఇంకా లేదు." దారి పొడుగునా అంటూనే ఉన్నాడు.

ఇంట్లోకి దూకినంత పని చేశాడు. పైనుంచి హెలెన్ దగ్గు. ఆ చప్పుడుకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఉంది. బతికే ఉంది.

"వచ్చేశారా?" అని ఆయాసపడుతూనే కేకేసింది. "వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటరు కిందే ఉండిపోయింది. కిచెన్లో, అలమర పక్కన బల్ల మీద. తీసుకురండి."

"తెస్తున్నా. అంబులెన్సు వచ్చేస్తోంది."

కిచెన్లో లైటు వేసే పని లేకపోయింది. బల్ల మీద ఆ మీటరు ఎర్రగా వెలుగుతోంది. వేలు పెట్టందే వెలగని మీటరు. దాని నోరు మూసుకుని లేదు. ఓ వేలు పట్టేంత మేర తెరుచుకుని, అలాగే నిలబడి ఉంది.

అంకె నలభై. మామూలు మనిషికి తొంభై అయిదు పైన ఉండాలి.

చూస్తుండగా నలభై ఒకటి అయింది. యాభై. అరవై. ఎవరికో, చాలాకాలానికి, నెమ్మదిగా ఊపిరి అందుతున్నట్టు.

"హెలెన్?" అన్నాడు.

పైన దగ్గు ఆగింది. దాని వెనకే తీసుకోబోయిన ఊపిరి... మధ్యలో తెగింది.

డెబ్బై.