చల్లని సరుకు

గడ్డం సగం గీయించుకుని దుబాసీ చచ్చిపోయాడు. సెలూన్ అద్దంలో ముందు పిస్తోలు కనిపించింది. ఆ తర్వాత అద్దం లేదు, దుబాసీకి సగం తల లేదు.

అతను గూఢచారి శాఖకి ఇన్ఫార్మర్. పొద్దున ఫోన్లో ఒక్క కోడ్ వాక్యం చెప్పాడు: చల్లని సరుకు సభకి వస్తోంది.

శాఖ చీఫ్ ఆ మాటని తన బావకి విప్పి చెప్పాడు. బావంటే అక్క మొగుడు, శాఖలో అందరికంటే పాత ఏజెంట్. ప్యూన్ కూడా అతన్ని బావగారనే పిలుస్తాడు.

కాగితాలు లేకుండా వచ్చి ఏళ్ళ తరబడి పనిచేసుకుంటున్నవాళ్ళకి కాగితాలిచ్చే బిల్లు మీద ఆ మధ్యాహ్నమే ఓటింగ్. బిల్లు నెగ్గితే, మనుషుల్ని దొంగచాటుగా సరిహద్దు దాటించి, వాళ్ళ భయం మీద బతికే విదేశీ ముఠా పని అయిపోయినట్టే. అందుకే చట్టసభని పేలుస్తారు. శిథిలాల్లో అలా వచ్చినవాళ్ళ శవాలు దొరికేలా చూస్తారు. నేరం శవాల మీదికి పోతుంది. ఇంకో తరం దాకా వాళ్ళ తరఫున ఎవరూ నోరెత్తరు.

"నీకు గిట్టని బిల్లే కదా బావా," అన్నాడు చీఫ్.

నిజమే. అందర్నీ వెనక్కి పంపెయ్యాలని భోజనాల దగ్గర బావ వాదిస్తూనే ఉండేవాడు, అక్క కంచాలు తీసేసేదాకా.

"ఓడితే ఓట్లతో ఓడాలి. బాంబుతో కాదు."

ముఠాలో శాఖకి మిగిలిన మనిషి అత్తరు. పట్టు స్కార్ఫు, ఎత్తు మడమల చెప్పులు, రెండు వైపుల నుంచీ జీతం. ఆమె ఎవర్ని మోసం చేస్తోందో చీఫ్‌కీ తెలీదు.

బావ హమాలీ వేషంలో సభ క్యాంటీన్ వెనక గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ వేషం కొత్త కాదు. పాత మిషన్‌లో ఏడాదిపాటు కోల్డ్ స్టోరేజ్‌లో మూటలు మోశాడు. ఫ్రీజర్ బండి ఎక్కడ ఆగినా ముందున్న ఫ్యాన్ ఆగకూడదని అక్కడి మేస్త్రీ వీపు మీద చరిచి మరీ నేర్పాడు.

మాంసం ట్రక్కు వచ్చింది. డ్రైవర్ పక్కన మేనేజర్ వేషంలో అత్తరు. కళ్ళజోడులోని థర్మల్ స్కానర్ ట్రక్కులో మనుషులెవరూ లేరంది. బావ పొమ్మని చెయ్యి ఊపాడు. గార్డు గేటు తీశాడు.

అప్పుడు చూశాడు. ఫ్యాన్ తిరగడం లేదు.

"బండి ఆపు. మాంసం కుళ్ళిపోదా?"

డ్రైవర్ జవాబుగా గార్డు గొంతులో కాల్చాడు. రెండో గుండు బావ భుజంలో దిగింది. బావ చేతిలోని మూటల కొక్కెంతో డ్రైవర్‌ని కిందికి లాగాడు. ఇద్దరూ నెత్తుట్లో దొర్లారు. డ్రైవర్ పిస్తోలు మళ్ళీ లేపాడు. అత్తరు దాని ముందుకి దూకింది. గుండు ఆమె కడుపులో దిగింది.

డ్రైవర్ రెండో చేత్తో జేబులోంచి రిమోట్ తీశాడు. బావ కొక్కెం ఎత్తి కొట్టాడు. రిమోట్ ఒక పక్క పడింది, బొటనవేలు ఇంకో పక్క. రెండో దెబ్బకి డ్రైవర్ కదల్లేదు.

"ఫ్యాన్ ఎవరు ఆపారు?" బావ అత్తరు తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనే. నన్నూ చిన్నప్పుడు ఇలాంటి బండిలోనే తెచ్చారు. మా తమ్ముడు దార్లోనే చలికి బిగుసుకుపోయాడు." ఊపిరి అందక ఆగింది. "చూడండి బావగారూ, ఉన్నారా?"

బావ తలుపు తీశాడు. స్కానర్‌కి వేడి అందనివ్వని జానెడు మందం తలుపు. లోపల మనుషులు ఒకరి మీద ఒకరు, నోళ్ళకి టేపులు, చెమటతో తడిసి. వాళ్ళ కాళ్ళ కింద పేలుడు పెట్టెలు.

"అందరూ ఉన్నారమ్మా," అని తిరిగాడు. ఆమె లేదు.

బాంబు స్క్వాడ్ తీగలు తెంపుతుండగానే ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ వచ్చి, ట్రక్కు దిగినవాళ్ళని కాగితాలడిగాడు.

"వాళ్ళు నా సాక్షులు," అన్నాడు బావ. "కేసు తేలేదాకా దేశం దాటడానికి వీల్లేదు."

అప్పటికే చేరుకున్న చీఫ్ కండువాతో అతని భుజానికి కట్టు కడుతూ నవ్వాపుకున్నాడు.

"అందర్నీ పంపెయ్యాలన్నావు కదా బావా?"

"పంపేస్తాను. కేసు తేలనీ."

"మన కోర్టుల్లోనా? ఈలోపు వీళ్ళ మనవలు మంత్రులైపోతారు."