రెండో ఫొటో

"సుత్తి ఎవరు తీశారు?"

కొండ వాలు మీద అడిగినామె కాక అయిదుగురున్నారు. ఆ గొంతు వినగానే నలుగురు అయిదోవాడి వైపు చూశారు. అతని మెడలో కెమెరా ఉంది, చేతిలో సుత్తి ఉంది. ఇక సాక్ష్యం ఎందుకు?

"నేనేనండీ. ఫ్రేములో అడ్డంగా ఉంటేనూ..."

"అడ్డమా? అది కొలతండీ బాబూ! పగులు పక్కన సుత్తి ఉంటేనే పగులు ఎంతుందో తెలుస్తుంది. అది లేకపోతే మీ ఫొటోలో ఉన్నది కొండ పగులో, నా కాలి పగులో ఎవరికి తెలుస్తుంది?"

నలుగురూ నవ్వారు. అతను సుత్తిని బుద్ధిగా వెనక్కి పెట్టాడు.

"ఇంతకుముందు ఏం తీసేవారు?"

"పెళ్ళిళ్ళండీ."

"అనుకున్నా. ఎక్కడ చూసినా అందమే కావాలి మీకు. ఇక్కడ కావాల్సింది నిజం."

"రెండూ ఉంటే తప్పా మేడమ్? మీరు ఒక్కసారి నవ్వితే..."

"కొండ పగిలిందని చెప్పేటప్పుడు ఎవరైనా నవ్వుతారా?" అంటూ ఆమె టేపు విప్పింది.

అతన్ని ఆరు నెలల కోసం పనిలో పెట్టుకున్నారు. భూగర్భ శాస్త్రవేత్తలు కొండల్లో ఏం చేస్తారో, జనంతో ఎలా మాట్లాడతారో ఫొటోలు తియ్యాలి. ఆఫీసులో ఆమెను అందరూ రాళ్ళ మేడమ్ అంటారు. కొండ కింద ఒక వీధి ఉంది, అందులో ఎనభై ఇళ్ళు. ఇళ్ళకు పైన, వాలులో ఆ పగులు. పగులుకు అటొకటి ఇటొకటి ఇనప మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య దూరాన్ని వారానికోసారి ఆమె కొలుస్తుంది. మొదటి వారం గోరంత పెరిగింది. నాలుగో వారానికి బొటనవేలంత అయింది.

ప్రేమ ఎక్కడ పడితే అక్కడ పుడుతుందంటారు, నిజమే కాబోలు. లేకపోతే "నలభై మూడు మిల్లీమీటర్లు, రాసుకోండి" అన్న గొంతు కోసం ఒక మనిషి వారమంతా ఎదురుచూడ్డమేమిటి?

ఒకరోజు జల్లు పట్టుకుంది. ఇద్దరూ ఒకే టార్పాలిన్ కింద దూరారు. ఆమె వాన కొలిచే గొట్టాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"పద్దెనిమిది మిల్లీమీటర్లు."

"నా మీద అంతకంటే ఎక్కువే పడిందండీ."

"మీరు ప్రభుత్వ పరికరం కాదుగా, లెక్కలోకి రారు."

"ఎప్పటికైనా వస్తానా?"

ఆమె గొట్టంలో నీళ్ళు పారబోసి, మళ్ళీ ఖాళీ గొట్టంలోకే చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. అతను దాన్ని ఫొటో తియ్యలేదు. తియ్యాల్సినవి తియ్యకపోవడం, పంపకూడనివి పంపడం. ఈ కథంతా అదే.

తర్వాతి వారం కొండకు దూరంగా ఉన్న స్కూల్లో మీటింగు పెట్టారు. ఆమె ఒక పెద్ద రేకు పళ్ళెంలో ఇసుకతో కొండ కట్టింది. దాని కింద అట్టముక్కలతో ఇళ్ళు పెట్టింది. చెంబుతో నెమ్మదిగా నీళ్ళు పోసింది. కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా ఇసుక జారి ఇళ్ళన్నీ కప్పేసింది.

"చూశారుగా. రెండు రోజులు ఆగకుండా వాన పడితే ఇక ఎవరి కోసమూ చూడొద్దు. వచ్చి ఈ స్కూల్లో ఉండండి" అంది కొండ వైపు చెయ్యి చూపించి. ముఖంలో నవ్వన్నది లేదు. వెనక కూర్చున్నవాళ్ళ కళ్ళల్లో భయం. అతను నొక్కాడు. అది మొదటి ఫొటో.

అప్పుడే ముందు వరసలో ఒక మామ్మ లేచింది. వీధి చివరింటి ఆవిడ. వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇల్లు కూల్చడం బాగానే నేర్చావమ్మాయ్. కట్టడం కూడా నేర్పారా మీ కాలేజీలో?"

హాలంతా ఘొల్లుమంది.

"పెళ్ళయిందా?"

"లేదు మామ్మా."

"ఎలా అవుతుంది? కొండలకి పగుళ్ళు వెతుక్కుంటూ తిరిగితే మొగుడెప్పుడు దొరుకుతాడు?"

రాళ్ళ మేడమ్ నవ్వింది. మామూలు నవ్వు కాదు, తల వెనక్కి వాల్చి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మామ్మ కూడా బోసినోటితో నవ్వింది. అతను మళ్ళీ నొక్కాడు. అది రెండో ఫొటో.

ఇంటింటికీ పంచే నోటీసు మీద వేయడానికి ఫొటో కావాలని మర్నాడు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అతను కంప్యూటరు ముందు కూర్చుని రెండు ఫొటోలూ పంపాడు. కింద ఒక ముక్క రాశాడు: "రెండోదైతే బాగుంటుంది సార్."

వెనక నిలబడి చూసిన అతని అక్క చప్పట్లు కొట్టింది.

"ఒరేయ్, ఇది కొండ నోటీసా, సంబంధాలకి పంపే ఫొటోనా?"

"నీకెందుకక్కా?"

"నాకేం. బంగారంలా ఉంది పిల్ల. కానీ దీన్ని చూసి ఎవడైనా భయపడతాడా అని."

"భయపెడితే ఎవరు వింటారు? నవ్వుతూ చెబితే వింటారు."

అలా అన్నాడు కానీ, అతనికీ తెలుసు అది అబద్ధమని. ఆ నవ్వు ఎనభై గోడల మీద ఉండాలని అతని ఆశ, అంతే. ఆశకు కళ్ళు లేవు. అచ్చయి వచ్చిన నోటీసులో సగానికి పైగా ఫొటోయే ఉంది. చెప్పాల్సిన మాట అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంది.

ఇరవై రోజుల తర్వాత వాన పట్టుకుంది. రెండు రోజులు ఆగలేదు. మూడోరోజు పొద్దున్నే ఆమె, ఆమె మనుషులు మైకు పట్టుకుని వీధంతా తిరిగారు. సగం మంది వచ్చారు. మిగతావాళ్ళు వస్తాం వస్తాం అన్నారు. పది గంటలకు కొండ జారింది. పదకొండు ఇళ్ళు పోయాయి. అయిదుగురు పోయారు. వాళ్ళలో మామ్మ ఒకతె.

అతను స్కూలుకు పరిగెత్తాడు. ఇసుక పళ్ళెం పెట్టిన హాల్లోనే ఇప్పుడు జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు. మామ్మ కూతురు గోడకు ఆనుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"ఆ ఫొటో తీసింది మీరే కదూ?"

"అవునమ్మా."

"నోటీసులో తన బొమ్మ పడిందని అమ్మ దాన్ని తలుపుకి అంటించుకుంది. వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించింది. ఆ పొద్దున నేను చెయ్యి పట్టుకుని లాగాను బాబూ. రానంది. నిజంగా ప్రమాదమైతే ఆ పిల్ల అలా నవ్వుతుందా, నువ్వెళ్ళు, నేను ఇల్లు కనిపెట్టుకుని ఉంటానంది."

అతను గోడ పట్టుకున్నాడు.

"అమ్మవి ఇంకే ఫొటోలూ మిగల్లేదు. అన్నీ ఇంటితోపాటే పోయాయి. మీ దగ్గరున్న ఆ ఒక్కటే. అందులో ఆ మేడమ్‌ని తీసేసి అమ్మని ఒక్కదాన్నే ఇస్తారా?"

"అలాగేనమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి ఫొటో తెరిచాడు. ఎక్కడ కోసినా కుదర్లేదు. మామ్మ రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. ఆమెను తీసేస్తే మామ్మ చేతులు కూడా పోతాయి. గంటసేపు కూర్చుని, చివరికి బల్ల మీద తల పెట్టేశాడు. అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి వెక్కిరించలేదు.

"అందరూ ఆ అమ్మాయినే తిడుతున్నార్రా. నవ్వులాటగా చెప్పిందట. నువ్వెళ్ళి చెప్పు."

"ఏం చెప్పను? నీ నవ్వు నచ్చింది, అందుకని మనుషుల్ని చంపానని చెప్పనా?"

"అవును. అదే చెప్పు."

ఆమె కొండ మీదే ఉంది. మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని టేపు పరుస్తోంది. కొండ జారిన ఈ నాలుగు రోజుల్లో మనిషి సగమైపోయింది. అతను వెళ్ళి టేపు రెండో కొస పట్టుకున్నాడు.

"ఆరు మీటర్ల ఇరవై" అంది, అలవాటు కొద్దీ. అక్కడ రాసుకునేవాళ్ళు ఎవరూ లేరు.

"మేడమ్, నేనొకటి చెప్పాలి. నోటీసుకి రెండు ఫొటోలు పంపాను. మొదటిది చూస్తే ఎవరైనా భయపడతారు. రెండోదే వెయ్యమని నేనే రాశాను. ఎందుకంటే..." టేపు కొస వేలికి చుట్టుకున్నాడు. "ఎందుకంటే అందులో మీరు నవ్వుతున్నారు. మీరంటే నాకు ప్రాణం. ఇది ఇలా చెప్పాల్సొస్తుందని కలలో కూడా అనుకోలేదు. తప్పు నాది. ఆఫీసులో కూడా చెబుతాను. మిమ్మల్ని ఒక్క మాట అననివ్వను."

ఆమె టేపు నేల మీద పెట్టేసింది.

"రెండు ఫొటోలూ ఆఫీసువాళ్ళు నాకు చూపించారు" అంది.

"ఏంటి?"

"అచ్చుకి వెళ్ళేముందు. ఏది వెయ్యమంటారు మేడమ్ అని నన్నే అడిగారు. మీరు రాసిన ముక్క కూడా చదివాను." ఆమె ముఖానికంటిన మట్టి తుడుచుకుంది. "నన్ను నేను అద్దంలో కూడా అలా చూసుకోలేదండీ. ఎవరో ఒక మనిషి నన్నింత ఇష్టంగా చూస్తున్నాడని ఆ ఫొటో చూశాకే నమ్మాను. రెండోదే వెయ్యండన్నాను. ఆ సంతోషంలో అడుగున అక్షరాలు ఎంత చిన్నవో చూడలేదు. కొండల్లో వెంట్రుకవాసి తేడా పట్టుకునే నేను, అది చూడలేదు!"

అతను నెలల తరబడి వినాలనుకున్న మాట అది. విన్నాడు. చెవులు మూసుకోవాలనిపించింది.

"అంటే మీకు కూడా..."

"ఊఁ" అంది ఆమె, అటు తిరిగి. "టార్పాలిన్ కింద అడిగారు కదా, లెక్కలోకి ఎప్పటికైనా వస్తానా అని. అప్పటికే వచ్చేశారు."

కింద యంత్రాలు మట్టి తోడుతున్నాయి. ఆమె లేచి చేతులు దులుపుకుంది.

"పదండి, మామ్మ కూతురికి చెబుదాం."

"మీరెందుకు? నేను చెబుతాను."

"ఇద్దరం చేశాం. ఇద్దరం చెబుదాం."

కొయ్యకుండా, కత్తిరించకుండా దారిలో ఫ్రేము కట్టించిన ఫొటో పట్టుకుని ఇద్దరూ స్కూలుకెళ్ళారు. అతను సగం చెప్పాడు, ఆమె సగం చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. మామ్మ కూతురు ఫొటో ఒళ్ళో పెట్టుకుని తల్లి ముఖం మీద వేలితో నిమురుతూ విన్నది. చుట్టుపక్కల చాపల మీదివాళ్ళు కూడా దగ్గరికి జరిగారు.

"మీటింగు నుంచి ఇంటికొచ్చి అమ్మ ఏమందో తెలుసా?" అందావిడ చివరికి. "ఆ కెమెరా అబ్బాయి అందర్నీ తీస్తున్నట్టు నటిస్తున్నాడే, వాడి కళ్ళు మాత్రం ఆ పిల్ల మీదే. పిల్ల కూడా తక్కువది కాదు, అన్నీ తెలుసు దానికి. ఈడూజోడూ బాగుంది, చేసుకుంటే సుఖపడతారు, అంది."

ఇద్దరూ తలలు దించుకున్నారు.

"అది మా అమ్మ మాట. పోయినవాళ్ళ మాట దాచుకోకూడదని చెప్పాను. నా మాట మాత్రం అడక్కండి. మిమ్మల్నిద్దర్నీ చూస్తుంటే నా కడుపు మండిపోతోంది. ఇక వెళ్ళండి."

వచ్చేశారు. మెట్ల దగ్గర ఆమె ఆగిపోయింది.

"సుఖపడతామట" అంది.

అని, అతని చొక్కా పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. అతనూ ఏడ్చాడు. హాల్లోంచి అందరూ చూస్తున్నారని ఇద్దరికీ తెలుసు. అయినా ఒకరినొకరు వదల్లేదు.