మెరక

"ఇంకో వారం ఉండు నాన్నా. కంట్లో దుమ్ము పడకూడదని డాక్టరు సెప్పినాడు కదా," అంది జయంతి, టీ గ్లాసు తండ్రి చేతికిస్తూ.

కూర్మనాథం అప్పటికే సంచి సర్దుకుని కూర్చున్నాడు. కంటి ఆపరేషన్ కోసం రంగూన్‌లోని లత పేటలో ఉన్న కూతురింటికి వచ్చినప్పటి నుంచీ నాలుగో అంతస్తులో రెండు గదుల మధ్య ఆయనకి ఊపిరాడటం లేదు. మబ్బులు పడుతున్నాయి. నదికి అవతల, దలాలో ఆయన మడులు దున్నకుండా పడి ఉన్నాయి. వెళ్తానన్నప్పుడల్లా కూతురు ఏదో ఒక వంక చెప్పి ఆపుతోంది. ఆ ఉదయం ఆయన టీ ముట్టకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

"నన్నిక్కడ కట్టిపడేసి అక్కడ ఏటి సేస్తన్నారు?" అని అడిగాడు.

జయంతి గ్లాసు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆయన చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

పన్సొడాన్ రేవులో పడవెక్కి దలాలో దిగేసరికి, అక్క ఫోను అందుకున్న కొడుకు సూర్య మోటారు సైకిలుతో ఎదురుగా నిలబడి ఉన్నాడు. కంటి సంగతి అడిగాడు కానీ మొహం చూడలేదు. దారిలో ఆయన నారుమడి గురించి అడిగితే వినిపించనట్టు బండి నడిపాడు.

కూర్మనాథం తండ్రి కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసినవాడు. అక్కడి పబేడాన్ పేటలో ఒక ఇరుకు గదిలో కూర్మనాథం పుట్టాడు. నేను బస్తాలు మోయనని తండ్రితో పోట్లాడి, కొత్తగా పెళ్ళయిన తులసమ్మని వెంటబెట్టుకుని నది దాటాడు. ఎవరికీ అక్కర్లేని ఉప్పు బురద నేల చూపించి, సాగు చేసుకుంటే చేసుకోమని ఊరిపెద్ద నవ్వాడట. కూర్మనాథం పొదలు నరికాడు. సముద్రపు పోటుకి పొంగే ఏటి నీళ్ళు లోపలికి రాకుండా చుట్టూ గట్టు వేశాడు. ఏళ్ళ తరబడి వాననీరు నిలబెట్టి, తూములోంచి వదిలి, నేలలోని ఉప్పంతా కడిగాడు. మొదట ఇంటి పక్క మడి పండింది. తర్వాత మిగిలినవి పండాయి. ఆ మొదటి మడి మట్టిని చేతిలోకి తీసుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

సూర్య బండి ఆపాడు. ఆ మడి సగం లేదు. నడుము లోతు గొయ్యి ఉంది. పక్కనే నేల మీద ఉండాల్సిన తన ఇల్లు ఎత్తుగా పోసిన మట్టి దిబ్బ మీద నిలబడి ఉంది. అవే వెదురు తడికలు, అదే రేకుల కప్పు. విప్పి మళ్ళీ పైన కట్టారు.

కూర్మనాథం నల్ల కళ్ళద్దాలు తీసేసి గొయ్యి అంచు దాకా నడిచాడు. కాసేపటికి వెనక్కి తిరిగాడు.

"ఎవులు తవ్వమన్నార్రా?"

సూర్య తల వంచుకున్నాడు. కూర్మనాథం చెయ్యెత్తి చెంప మీద కొట్టాడు. ముప్పై దాటిన కొడుకు, కడుపుతో ఉన్న భార్య రాధ గుమ్మంలోంచి చూస్తుండగా దెబ్బ తిన్నాడు.

"ఆడ్ని కొట్టకు. నానే తవ్వించినాను."

తులసమ్మ కొత్త మెట్లు దిగి వస్తోంది. అరుగు అలుకుతూ మధ్యలో లేచినట్టుంది, మోచేతుల దాకా తడి మట్టి. మట్టి పనులు చేసే అచ్చెన్నని, అతని మనుషుల్ని తనే పిలిపించానంది. పని పూర్తయ్యేదాకా ఆయన్ని ఆపమని జయంతికి చెప్పింది కూడా తనేనంది.

కూర్మనాథం గొయ్యి వైపు చెయ్యి చూపించాడు. ఆ మట్టి ఎన్ని వానలతో కడిగితే మంచి మట్టి అయిందో తెలుసా అని అరిచాడు. ఇల్లు ఎత్తు చేయడానికి ఇంకెక్కడా మన్ను దొరకలేదా అన్నాడు. నా బతుకంతా పెకిలించి గుమ్మం కింద పోశావన్నాడు. ఒక్క మాట అడిగితే నేనే చేయించేవాణ్ణి కదా అన్నాడు.

ఆ చివరి మాటకి తులసమ్మ మొహం మారిపోయింది.

"అడగనేదా? కాపురానికొచ్చిన ఏడే అడిగినాను. పోటు వస్తే నీళ్ళు ఇంట్లోకి వస్తన్నాయి, ఇల్లు మెరక సెయ్యమని. ఈ ఏడు గట్టుకి మన్ను కావాలన్నావు. పై ఏడు తూముకన్నావు. కింద కర్ర నిట్టాళ్ళేసి ఇల్లు పైకి కడదామని నాను కర్రలు కొనిపిస్తే, అవీ తూముకే పోయినాయి. నువ్వు మోసిన తట్టలన్నీ మడికే. నాను మోసినవీ మడికే."

"ఆ మడే కదే మనకి కూడు పెట్టింది."

"పెట్టింది. తారని కూడా అదే తీసుకుంది."

ఆ పేరు ఆ ఇంట్లో పలికి ఎన్నేళ్ళయిందో. రాధ దాన్ని ఎప్పుడూ వినలేదు. సూర్యకి తెలిసింది ఒక్కటే, తమకి ముందు ఒక అక్క ఉండేదని, ఏరు తీసుకుపోయిందని. తండ్రి అందరికీ చెప్పిన మాట అదే.

తులసమ్మ కోడలి వైపు తిరిగి చెప్పింది. తార అప్పుడప్పుడే నడక నేర్చింది. భాద్రపద పౌర్ణమి పోటు వచ్చిన సాయంత్రం గట్టు తెగుతోందని ఆయన పొలంలోంచి కేకేశాడు. పిల్ల చాప మీద నిద్రపోతోంది. నిద్రే కదా అని వదిలేసి, తను తట్ట తీసుకుని పరిగెత్తింది. ఇద్దరూ బురద వేసి గట్టు నిలబెట్టారు. ఈలోగా ఇంటి వెనక కాలవ పొంగి నీళ్ళు లోపలికి వచ్చాయి.

"ఏరు తీసుకుపోనేదు," అంది భర్తతో. "నువ్వు పిలిసినావు, నాను వచ్చినాను. నీ మీద నాకెంత కోపమో, ఆ తట్ట ఎత్తుకున్న నా మీదా అంతే కోపం. ఇన్నేళ్ళూ ఆ కోపంతోనే నీకు వండి పెట్టినాను. ఇప్పుడీ పిల్ల కడుపుతో ఉంది. నీళ్ళొచ్చే ఇంట్లో ఇంకో బిడ్డని పడుకోబెట్టను. నీకు మడే కావాలంటే మడిలోనే ఉండు."

ఆయన మెట్లెక్కలేదు. సంచి తీసుకుని పశువుల పాకలోకి వెళ్ళాడు.

అక్కడే ఉండిపోయాడు. సూర్య తెచ్చిపెట్టినది తిని, తెల్లారకముందే పొలంలోకి పోయేవాడు. పక్కింటి బర్మా ఆవిడ డా మ్యా నచ్చచెప్పబోతే, నా ఆడదే నా నేలని గొయ్యి చేసిందని మండిపడ్డాడు. ఆదివారం జయంతి వస్తే మొహం తిప్పుకున్నాడు. తులసమ్మ కూడా పిలవలేదు. పాకకీ ఇంటికీ మధ్య వాకిట్లో ఇద్దరూ ఎదురుపడితే ఎవరి దారిన వాళ్ళు తప్పుకునేవారు. మిగిలిన మడుల్లో ఆయన కొడుకుతో కలిసి నాట్లు వేశాడు. గొయ్యి వైపు మాత్రం చూసేవాడు కాదు.

ఆషాఢ పౌర్ణమి నాటి పోటు గాలివానతో కలిసి మధ్యాహ్నం వచ్చింది. ఏరు గట్టు అంచు దాకా లేచింది. కూర్మనాథం గట్టు వెంబడి తడుస్తూ తిరుగుతుండగా, తూము పక్కన మట్టి జారడం కనబడింది. ఇల్లు అక్కడికి దగ్గరే.

"సూర్యా, పార తే," అని కేకేశాడు.

సూర్య పార పట్టుకుని దూకాడు. అతని వెనకే రాధ, మామగారు పిలిచారని, నిండు కడుపుతో తట్ట తీసుకుని జారుతున్న మెట్ల మీద కాలు పెట్టింది. తులసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కోడల్ని ఆపలేదు. భర్తనే చూస్తోంది.

కూర్మనాథం ఆ తట్టని చూశాడు.

"తట్ట దించమ్మా," అన్నాడు. "ఎవులూ రావద్దు. పైకి ఎల్లండి."

నారంతా ఉప్పుకి మాడిపోతుంది నాన్నా అన్నాడు సూర్య, నమ్మలేనట్టు.

"పోతే పోనీరా. నేల ఎక్కడికీ పోదు. మళ్ళీ కడుక్కుందాం. నువ్వు పైకెక్కు."

వాళ్ళు చూస్తుండగానే గట్టు తెగింది. ఎర్రటి నీళ్ళు నాట్ల మీదుగా పరుచుకుంటూ, గొయ్యి నింపి, వాకిలి దాటి, దిబ్బని తాకి మెట్ల మధ్యలో ఆగాయి. నీళ్ళకి ముందే పరిగెత్తి కూర్మనాథం ఆ ఇంట్లోకి మొదటిసారి ఎక్కాడు. అరుగు మీద నుంచి కిందకి చూశాడు. పాత ఇల్లే అయితే ఆ నీళ్ళు ఇప్పుడు లోపల ఎంత ఎత్తున ఉండేవో ఆయనకి అర్థమైంది. నడక నేర్చిన పిల్ల లేచి నిలబడినా సరిపోని ఎత్తు. స్తంభం పక్కన కూర్చున్నాడు.

"తార ఉంటే ఇప్పుడు ఏపాటిదయ్యుండునే?" అని అడిగాడు.

"జయంతి కన్నా మూడేళ్ళు పెద్ద," అంది తులసమ్మ. "దానికీ పిల్లలుందురు."

"నాను పిలవకుండా ఉండాల్సింది."

పరవాలేదని ఆమె అనలేదు. వచ్చి పక్కన కూర్చుంది. ఆ బిడ్డ కోసం వాళ్ళిద్దరూ ఒక్కచోట కూర్చుని ఏడవడం అదే మొదలు. సూర్య, రాధ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

వాన తగ్గి, నీళ్ళు వెనక్కి తీయడం మొదలయ్యాక కూర్మనాథం కళ్ళు తుడుచుకున్నాడు. పాటు పూర్తయి నీళ్ళు దిగితే గట్టు వేయాలి, నువ్వూ వస్తావా అని భార్యని మెల్లగా అడిగాడు.

"రాను," అంది తులసమ్మ. "నువ్వూ ఆడూ ఎల్లి ఏసుకోండి. నాను ఇంటికాడ ఉంటాను."

"ఉండు," అన్నాడాయన. "నువ్వు ఇంటికాడే ఉండు."