ముసురులో డ్రయ్యర్ లోను

లాండ్రీ గుమ్మంలో గొడుగు మూస్తున్న అమ్మాయిని చూడగానే కుర్రాడు గబుక్కున ఆరేసిన దుప్పట్ల వెనక్కి దూరాడు. ముసురు పట్టినప్పటి నుంచి ఒక్క బట్టా ఆరి చావడం లేదు. వచ్చినవాళ్ళందరికీ సంజాయిషీ చెప్పి చెప్పి అతని నోరు నొప్పెట్టింది.

"అమ్మా, నేను లేనని చెప్పు," అన్నాడు దుప్పటి వెనక నుంచి.

"లేడటమ్మా," అంది తల్లి ఇస్త్రీ ఆపకుండా.

"పర్లేదండీ. బ్యాంకు నుంచి లోన్ ఆఫీసర్ వచ్చి వెళ్ళిందని చెప్పండి."

దుప్పటి తాడుతో సహా తెగి పడింది. అందులో చుట్టుకుపోయి కుర్రాడు ఆమె ముందు ప్రత్యక్షమయ్యాడు. ఆమె పెదవి కొరుక్కుంది కానీ నవ్వు ఆగలేదు.

డ్రయ్యర్ కొనడానికి అతను లోన్ అడిగాడు. ఈ నెలాఖరుకి మెషిన్ రాకపోతే హాస్టల్ వాళ్ళు బట్టలు వేరే చోట ఉతికించుకుంటామన్నారు. హాస్టల్ పోతే షాపుకి తాళమే. బ్యాంకు చూస్తే చిన్నది. అడిగినవాడి షాపులో ఓ పూట కూర్చుని చూడనిదే అక్కడ అప్పు పుట్టదు.

"ఇంత కష్టపడితే మీకేం మిగులుతుందండీ?" స్టూలు తుడిచి వేస్తూ అడిగాడు.

"ఈ వీధిలో వాళ్ళు దాచుకున్న డబ్బుకి మేం వడ్డీ ఇస్తాం. అదే డబ్బు మీకిచ్చి ఇంకాస్త ఎక్కువ వడ్డీ తీసుకుంటాం. మధ్యలో మిగిలేదే మా సంపాదన. అద్దె, జీతాలు, మా మేనేజర్ గారి టీలు, అన్నీ అందులోనే."

"నేను ఎగ్గొడితే?"

"టీలు బంద్! పైగా అది మీ ఎదురింటి బామ్మగారి డబ్బు. ఆవిడకి నేను మొహం చూపించలేను."

"అయితే రోజూ వచ్చి కాపలా కాయండి."

ఆమె నిజంగానే మళ్ళీ వచ్చింది. హాస్టల్ బిల్లులు చూడాలని ఒకసారి, కరెంటు మీటరు చూడాలని ఇంకోసారి. ఆ పైసారి ఏం చూడాలో ఆమెకే గుర్తు రాలేదు. టీ తాగి, కుర్రాడు మడతలు పెడుతుంటే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఉన్నట్టుండి రావడం మానేసింది. బ్యాంకుకి ఫోన్ చేస్తే, "మీ ఫైలు మేడమ్ వదిలేశారండీ," అన్నాడు క్యాషియర్.

కుర్రాడికి ప్రాణం ఉసూరుమంది. లోన్ పోయిందన్న బాధ సగమే. మిగతా సగం ఎందుకో అతనికి తెలుసు, అది సగం కంటే ఎక్కువేనని కూడా తెలుసు. గొడుగు మర్చిపోయి వానలోనే బ్యాంకుకి పరుగెత్తాడు.

"నాలో ఏం లోపం కనిపించిందండీ? మొహం మీదే చెప్పొచ్చుగా!"

"ఏ లోపమూ లేదు. ఫైలు మేనేజర్ గారికి ఇచ్చేశాను. అయినవాళ్ళ లోన్లు మేం చూడకూడదని మా దగ్గర రూలు."

"నేను మీకేమవుతానని?"

ఆమె కంప్యూటర్ వైపు తిరిగి లేని పనేదో వెతుక్కుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమీ కారు. కానీ మీ గురించి రాయబోతే అన్నీ మంచే రాస్తున్నాను. అది బామ్మగారి డబ్బు. ఇంత ఇష్టంతో సంతకం పెట్టడం తప్పనిపించింది."

కుర్రాడు ఒక అడుగు ముందుకేశాడు. జుట్టులోంచి నీళ్ళు ఆమె టేబుల్ మీద కారుతున్నాయి.

"బాబూ, రేపు నేనొస్తున్నా," గదిలోంచి కేకేశాడు మేనేజర్. "నాకు నీ మీద ఏ ఇష్టమూ లేదు, జాగ్రత్త!"

మేనేజర్ ఓ పూటంతా కూర్చున్నాడు, మూతి ముడుచుకుని ప్రతి లెక్కా తిరగేశాడు. చివరికి సరేనన్నాడు. నెలాఖరు లోపే డ్రయ్యర్ దిగింది, హాస్టల్ దుప్పట్లు వెచ్చవెచ్చగా బయటికొచ్చాయి.

ఆ సాయంత్రం గుమ్మంలో మళ్ళీ గొడుగు మూసుకుంది. ఈసారి కుర్రాడు దాక్కోలేదు.

"లోన్ ఇచ్చింది మేనేజర్ గారు. ఇక మనం అయినవాళ్ళం కావడానికి మీ రూలు ఒప్పుకుంటుందా? నాకు మాత్రం మీరంటే చాలా ఇష్టం."

"వాయిదాలు తప్పవుగా?"

"బామ్మగారి మీద ఒట్టు."

"అయితే రూలు ఒప్పుకుంటుంది," అంది తల వంచుకుని. "నేనూ ఒప్పుకుంటాను."

లోపల ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది. తల్లి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఈసారి ఉన్నాడమ్మా," అంది నవ్వుతూ. "లోపలికి రా."