ఆకువక్క పిలుపు

శనివారం పొద్దున్నే మూకండపల్లిలో సుధామణి పులిహోర కలుపుతోంది. వ్యాన్ నిండా వచ్చే జనానికి కలపాలి మరి! వేప్పనపల్లి నుంచి పుట్టింటివాళ్లంతా మధ్యాహ్నానికి దిగుతారు. సాయంత్రం హోసూరు హాల్లో ఆమె కూతురు చాందిని తొలిసారి లాటిన్ జాజ్ బృందంతో కాంగాలు వాయిస్తుంది. కాంగాలంటే నడుమెత్తు డోళ్లు, ఉత్తచేతులతో కొట్టాలి. మిద్దె మీద ఆ పిల్ల వాటిని బాదుతుంటే పక్కింటివాళ్లు తొంగిచూసి, "ఏమ్మా, ఇల్లు కూలగొడతాండారా?" అని అడగడం సుధామణికి అలవాటైపోయింది.

"అమ్మా, మామ వస్తాడా?" చాందిని వేళ్లకు టేపు చుట్టుకుంటూ అడిగింది.

"రాకేం? ఈసారి ఇంటికి పోయి ఆకువక్క ఇచ్చి పిల్చినాను."

గృహప్రవేశానికి ఫోన్లో పిలిచిందని అలిగి, అన్న కేశవప్ప ఆమె గడప తొక్కడం మానేశాడు. అందుకే ఈసారి తమలపాకులు, వక్కలు, పసుపుకుంకుమలు సంచిలో వేసుకుని బస్సెక్కింది. పుట్టింటి వీధిలో ఒక్క గడప వదల్లేదు. అన్న తోటకు పోయి ఉంటే వదిన నళిని చేతికిచ్చి, "చాందిని కచేరీ వదినా, అందరూ రావాల" అని చెప్పి వచ్చింది.

"అనంతబావ సంగతి చెప్పినావా?"

సుధామణి గరిటె ఆపలేదు. "కచేరీ కానీ. నిదానంగా చెప్తాలే."

అనంతకుమార్ కేశవప్ప కొడుకు. చాందినిని అతనికే ఇవ్వాలని ఎప్పుడో అనుకున్నారు. చాందిని ఉగాదికే వద్దనేసింది. ఆ మాట మాత్రం తల్లి కొంగుముడి దాటలేదు.

మధ్యాహ్నం వ్యాన్ వచ్చి ఆగింది. దిగేవాళ్లను చూసి సుధామణి చేతిలో చెంబు జారినంత పనైంది. ఆడవాళ్లందరికీ పట్టుచీరలు, తలల నిండా కనకాంబరాలు. పళ్లేల్లో మామిడిపళ్లు, టెంకాయలు, గాజులు. నళిని చేతిలో ఇత్తడి తాంబాళం, దాంట్లో ఆకుపచ్చ పట్టుచీర. మేనమామ పెట్టే సారె అది, అక్కడి మాటలో సీరు. అందరి వెనక కేశవప్ప. అతని ముఖం చూస్తే శుభకార్యానికి వచ్చినట్టు లేదు, పంచాయితీకి వచ్చినట్టు ఉంది.

"పిల్లోడు యాడ?" అంది నళిని.

"ఏ పిల్లోడు వదినా?"

"చాందినికి చూసినోడు. నిశ్చితార్థం కాకపోతే ఇంటింటికీ ఆకువక్క యెవురు ఇస్తారు?"

"కచేరీ అని చెప్పినాను కదా!"

"నిశ్చితార్థంలో కచేరీ పెట్టినారనుకుంటిమి. డోలు కొట్టేది చూసేదానికి పసుపుకుంకం పెట్టి పిల్చేవాళ్లని నేను పుట్టి చూడలేదమ్మా!"

కేశవప్ప ముందుకొచ్చాడు. "నా కొడుకుని కాదని యెవునికిస్తాండావో, ఆ మొగం చూసిపోదామనే వచ్చినాను. పిలువు వాణ్ని."

"యెవునికీ ఇయ్యలేదన్నా."

"అయితే అనంతుకే కదా? ఈ జనం ముందరే చెప్పు."

సుధామణి భర్త మోహన్‌కుమార్ మధ్యలో దూరాడు. "బావా, ముందు పులిహోర తినండి..."

"నీ పులిహోర నువ్వే తినుకో!"

చాందిని గడపలోకి వచ్చింది. నల్ల ప్యాంటు, భుజాన డోలు సంచి. "అమ్మా, నువ్వు చెప్తావా, నేను చెప్పల్లా?"

సుధామణి తల దించుకుంది. "అనంతుని చేసుకోనంటాదన్నా. ఉగాదికే చెప్పింది. నాకే నోరు రాలేదు."

"ఉగాదికే!" కేశవప్ప గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "పెండ్లికి మంటపం గూడా అడిగి పెట్టుకున్యానే నేను! నా ఇంటికొచ్చినావు, నా పెండ్లాం చేతిలో ఆకువక్క పెట్టినావు. ఈ మాట మాత్రం పెట్టలేకపోయినావా?" నళిని చేతిలోని తాంబాళం లాక్కుని వ్యాన్ సీటు కిందికి తోసేశాడు. "ఈ సీరు యెనిక్కి పోతాది. ముత్తప్పా, బండి తిప్పు!"

డ్రైవర్ ముత్తప్ప బుర్ర గోక్కున్నాడు. అతనిదీ ఆ వీధే. "తిప్పలేనన్నా. నాకూ ఇచ్చింది సుధమ్మ ఆకువక్క. తీసుకుని కచేరీకి పోలేదంటే మా ఇంటామె వాకిట్లోనే పండుకోబెడతాది."

"నేనూ తీసుకున్నదాన్నే," అని నళిని వ్యాన్ ఎక్కింది. "నువ్వు కావాలంటే బస్సులో పో." ఆమె వెనకే ఆడవాళ్లంతా ఎక్కారు. కేశవప్ప కాసేపు రోడ్డు మీద రుసరుసలాడి, చివరికి వెనక సీట్లో దబ్బున కూలబడ్డాడు.

సాయంత్రం హాల్లో జీన్సుల జనం మధ్య పట్టుచీరల వరుస పెళ్లివారి విడిదిలా ఉంది. సుధామణి పక్కన కూర్చోవాల్సి వస్తుందని నళిని మధ్య సీట్లో తన సంచి పెట్టింది. ఎవరూ సుధామణితో మాట్లాడలేదు. వెనక వరుసలో కేశవప్ప చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ట్రంపెట్ లేచింది, పియానో అందుకుంది. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. చాందిని ఒక్కతే మిగిలింది. మొదట చినుకుల్లా, తర్వాత రేకుల కప్పు మీద వడగళ్లలా మోగించింది. చెమట కళ్లలోకి కారుతున్నా చేతులు ఆగలేదు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కేశవప్ప మాత్రం లేవలేదు.

"యారు అంద పొణ్ణు?" పక్కనున్న మనిషి తమిళంలో అడిగాడు.

"మా చెల్లెలి కూతురు," అన్నాడు కేశవప్ప ఠక్కున. వినపడలేదేమోనని మళ్లీ తమిళంలో గట్టిగా, "నేనే మేనమామని!" అన్నాడు.

ముందు వరుసలో సుధామణి విన్నది. ఏడుపు ఆగలేదు. ఇంతమంది ముందు పిల్ల ఒంటరిగా నిలబడింది. తాను ఒక్క అన్న ముందు నిలబడలేక గొడవను ఇంత దూరం తెచ్చింది.

బయట వ్యాన్ దగ్గర అన్న చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే అన్నా."

"నీదే." అతను చెయ్యి విడిపించుకుని, సీటు కింద నుంచి తాంబాళం లాగి, తువ్వాలుతో దుమ్ము దులిపాడు. "చాందినీ, ఇట్రా. పిలుపు తీసుకున్న మేనమామ సీరు పెట్టకపోతే ఊర్లో నగుతారు, అందుకని పెడతాండాను. కోపం పోయిందనుకోవద్దు."

చాందిని చేతులు చాపింది. టేపు చిరిగి, వేళ్లు వాచి ఉన్నాయి. కేశవప్ప వాటిని పట్టుకుని తిప్పి చూశాడు.

"ఇవేం చేతులమ్మా, బండలు కొట్టినట్ల... నూనె పెట్టేదానికి ఇంట్లో యెవురూ లేరా?" చీర ఆ చేతుల్లో పెట్టి మొగం తిప్పుకున్నాడు. "మళ్లా యెప్పుడు ఈ కొట్టేది?"

"వచ్చే నెల మామా, కృష్ణగిరిలో."

"ఫోను చేస్తే మాత్రం రాను."

"ఇంటికే వస్తానన్నా," అంది సుధామణి కళ్లు తుడుచుకుంటూ. "నీ చేతికే ఇచ్చి, చెప్పాల్సిందంతా చెప్పి పిలుస్తాను."

కేశవప్ప మోహన్‌కుమార్ వైపు తిరిగి కసిరాడు.

"ఏమప్పా, చూస్తాండావు? ఆ పులిహోర యాడ?"